పదితో పోయే హిందీ

నేను రిటైరైన రోజు స్కూల్లో చిన్న సభ పెట్టి గేటుకు ఒక ఫ్లెక్సీ కట్టారు. నా ఫోటో, పైన పూలదండ బొమ్మ, కింద "మా హిందీ సార్ గారికి వీడ్కోలు". పేరు లేదు. రాయించడానికి పోయిన అటెండరు స్టాఫ్ రూములో నా పేరు అడిగితే, "హిందీ సారే కదప్పా, అదే రాయి" అన్నారంట. ముప్పై ఒక్క ఏళ్ళు బేతంచెర్ల చుట్టుపక్కల హైస్కూళ్ళలో పనిచేసి నేను సంపాదించుకున్న కీర్తి అది. ఫ్లెక్సీని మా ఇంటికే ఇచ్చి పంపారు. వానాకాలంలో కట్టెల మీద కప్పడానికి బాగా పనికొస్తాంది.

ఇప్పుడు మా అన్న కూతురు హిందీ టీచరు పోస్టు తెచ్చుకుంది. వచ్చే నెల చేరాల. "చిన్నాయనా, ట్రైనింగులో హిందీ ఎట్ల చెప్పాలో నేర్పించినారు. ఇంకేమన్నా తెలుసుకోవల్లా?" అని అడిగింది. నేర్చుకోవాలనుకునే పిల్లలకు ఎట్ల చెప్పాలో వాళ్ళు నేర్పించి ఉంటారు. అట్లాంటి పిల్లలు ఆమెకు దొరకరు. అందుకే ఇది రాస్తున్నాను. ప్రమోషన్ల గురించి ఇందులో ఏమీ ఉండదు. నాకు రాలేదు కాబట్టి ఆ శ్రమ తప్పింది.

స్టాఫ్ రూములో మన కుర్చీ

మొదట మన స్థానం ఏమిటో తెలుసుకోవాల. పదో తరగతిలో మిగతా సబ్జెక్టులన్నిటికీ ముప్పై ఐదు వస్తే పాసు. హిందీకి ఇరవై చాలు. అంటే మన సబ్జెక్టు మీద ప్రభుత్వానికే అంత నమ్మకం. పది అయిపోతే పిల్లలు దాన్ని చెప్పులు విడిచినట్టు బయట విడిచిపోతారు. ఇది వాళ్ళకు ఆరో తరగతిలోనే తెలుసు. మనకు మాత్రం తెలియనట్టు నటించాల. జీతం అందుకే ఇస్తారు.

జవాబు రాయడం రాని పిల్లలు ప్రశ్నపత్రాన్నే మళ్ళీ అందంగా జవాబు పత్రంలోకి ఎక్కిస్తారు. "ఏవైనా ఐదింటికి జవాబులు రాయండి" అన్న వాక్యాన్ని కూడా వదలరు. నేను అలాంటి పేపర్లు ఎన్నో దిద్దాను. చేతిరాత బాగుందని మార్కులు వేశాను కూడా. మా హెడ్మాస్టరు చెప్పిన సూత్రం ఒకటే: "హిందీలో ఎవరూ పోకూడదప్పా. పోతే స్కూలు పరువు పోతాది. వస్తే మాత్రం పెద్ద గొప్పేం లేదు."

ఇక పీరియడ్ల సంగతి. లెక్కల సారుకు సిలబస్ మిగిలిపోతుంది. సైన్స్ మేడంకు రికార్డులు మిగిలిపోతాయి. అప్పుడు అందరూ మీ వైపు చూస్తారు, చాలా ప్రేమగా. "హిందీ పీరియడే కదా, నాకియ్యి." నేను ఇచ్చేవాణ్ణి. ఎంత సంతోషంగా ఇచ్చేవాణ్ణంటే, నన్ను స్టాఫ్ రూములో అందరూ మంచోడనేవాళ్ళు. నేను చేసిన పెద్ద తప్పు ఇదే. దీని ఫలితం ఒక ఆడపిల్ల మీద పడింది. ఆ సంగతే చెప్తాను.

సలోమి

నా సర్వీసులో ఆఖరి పదో తరగతిలో సలోమి అనే అమ్మాయి ఉండేది. వాళ్ళ నాయన దావీదుది నాపరాయి పాలిష్ ఫ్యాక్టరీలో పని. రోజంతా ఆ మిషన్ల మోత విని విని ఆయనకు సగం చెవుడు. ఎంత దగ్గర నిలబడినా కేకేసినట్టే మాట్లాడతాడు. సలోమి లెక్కల్లో స్కూలుకే ఫస్టు. ఆదివారం చర్చిలో పెద్దలందరి ముందూ బైబిల్ వాక్యం చదివేది ఆ పిల్లే. తడబాటు లేకుండా, గంట కొట్టినట్టు చదువుతుందని వాళ్ళ పేటలో గొప్పగా చెప్పుకునేవాళ్ళు.

ఆమెకు ట్రిపుల్ ఐటీలో సీటు కావాల. ప్రైవేటు కాలేజీకి పంపే తాహతు దావీదుకు లేదు. ఆ సీటు ఇచ్చేది పదో తరగతి మొత్తం మార్కులు చూసి. ఆ మొత్తంలో మన హిందీ కూడా ఉంది, పిలవని పెళ్ళికి వచ్చిన బంధువు లాగా.

అయినా సలోమి హిందీ పుస్తకం తెరిచేది కాదు. హోంవర్కు ఇస్తే గైడులోది దించి తెచ్చేది. అడిగితే ఒకటే మాట.

"ఇది నేర్చుకోని ఏం చేయల్ల సార్? ఇంకొక ఆరు నెల్లకు వదిలేసేదే కదా."

"మొత్తంలో కలుస్తాయి కదమ్మా మార్కులు."

"దీంట్లో పోయినవి లెక్కల్లో తెచ్చుకుంటా సార్."

"లెక్కల్లో నూటికి నూట ఇరవై వేస్తారా?"

నవ్వేది. పుస్తకం మాత్రం తెరిచేది కాదు.

అప్పుడు నేను అందరు హిందీ టీచర్లు చేసే పనే చేశాను. అబద్ధాలు మొదలుపెట్టాను. ఢిల్లీలో ఉద్యోగం వస్తే అన్నాను. రైల్లో పోయేటప్పుడు అన్నాను. మిలిటరీ అన్నాను. బ్యాంకు అన్నాను. ఆ పిల్ల ఓపిగ్గా విని, "సార్, మీరు ఢిల్లీ పోయినారా?" అని అడిగింది. పోలేదు. నేను హిందీ చదివి చేరిన దూరం మా ఊరినుంచి బేతంచెర్లకు బస్సులో గంటన్నర.

మనోజ్ ముందు నా హిందీ

అబద్ధాలు పనిచేయకపోతే ప్రత్యక్ష నిదర్శనం చూపించాలని నాకొక గొప్ప ఆలోచన వచ్చింది. మీకూ వస్తుంది. వచ్చినప్పుడు మంచినీళ్ళు తాగి పడుకోండి.

దావీదు పనిచేసే ఫ్యాక్టరీలో బీహారు నుంచి వచ్చిన కూలీలు ఉన్నారు. ఒక శనివారం మధ్యాహ్నం సలోమినీ ఇంకో నలుగురు పిల్లల్నీ తీసుకుపోయాను. రాతి పొడితో తెల్లగా, విబూది పూసుకున్నట్టున్న ఒక మనిషిని పిలిపించాను. నిటారుగా నిలబడి, పుస్తకంలో ఉన్నట్టే గట్టిగా అడిగాను: "ఆప్ కా శుభ్ నామ్ క్యా హై?"

ఆయన చేతులు తుడుచుకొని, "మనోజ్ సార్. నీడకు రాండి సార్, ఎండ శానా ఉండాది. టీ తాగుతారా?" అన్నాడు.

పిల్లలు పడీపడీ నవ్వారు. నేను పట్టు వదల్లేదు. హిందీలోనే ఇంకో మూడు ప్రశ్నలు వేశాను. ఆయన మూడింటికీ తెలుగులోనే, మర్యాదగా, మా ఊరి యాసలో జవాబు చెప్పాడు. మధ్యలో పక్కనున్న వాళ్ళ ఊరతను ఏదో అడిగితే ఇద్దరూ వాళ్ళ భాషలో మాట్లాడుకున్నారు. అది ఏ హిందీయో, అందులో ఒక్క ముక్క నాకు అర్థం కాలేదు.

సలోమి చాలా వినయంగా అడిగింది. "అన్నా, నువ్వు తెలుగు ఏ స్కూల్లో నేర్చుకుంటివి?"

"స్కూలు యాడుందమ్మా? వచ్చినాక నేర్చుకున్నా. లేకుంటే అన్నం అని అడగల్లంటే ఎట్ల?"

మనోజ్ ఇచ్చిన టీ తాగి తిరిగి వచ్చాం. దారిలో పిల్లలు నా మీద జాలిపడి నా సంచీ కూడా మోశారు. ఉపయోగం చూపించి పదిహేనేళ్ళ పిల్లల్ని చదివించబోతే ఇదీ గతి. అవసరం వచ్చిన రోజు వాళ్ళు ఏ భాషైనా నేర్చుకుంటారు. ఆ అవసరం మన పీరియడ్ టైముకు రాదు. ఈ సంగతి వాళ్ళకు మనకంటే ముందే తెలుసు.

గాలికి తిరిగిన పేజీ

కానీ ఒక ప్రశ్న నన్ను వదల్లేదు. లెక్కల్లో ఫస్టు వచ్చే పిల్ల. సీటు కావాలని నిద్రలో కూడా కలవరించే పిల్ల. ఇంత చిన్న లెక్క ఎందుకు చెయ్యడం లేదు? హిందీలో ఇంకో యాభై అరవై తెచ్చుకుంటే సీటు ఖాయం. ఆమెకు కారణం లేక కాదు. కారణం కళ్ళెదుటే ఉన్నా చదవడం లేదు.

ఒక రోజు ఆటల పీరియడులో ఆమెను క్లాసులోనే ఉంచి, నది గురించిన పాఠం చదవమన్నాను. పుస్తకం బల్ల మీద పెట్టి చదవడం మొదలుపెట్టింది. గంట కొట్టినట్టే చదువుతాంది. నేను లోపల మురిసిపోతున్నాను. ఇంత బాగా వచ్చి కూడా పొగరుతో చదవడం లేదనుకున్నాను.

అంతలో ఫ్యాను గాలికి పేజీ తిరిగిపోయింది. ఆమె చూపు పుస్తకం మీదనే ఉంది. ఎదురుగా ఇప్పుడు వేరే పాఠం, చిలుక బొమ్మ ఉంది. సలోమి మాత్రం నది గురించే చదువుతాంది. ఒక వాక్యం, రెండు వాక్యాలు, నాలుగు వాక్యాలు.

"అమ్మా, పేజీ తిరిగింది" అన్నాను.

చూసింది. చిలుక బొమ్మ మీద చెయ్యి పెట్టింది. ముఖం ఎర్రబడింది. పుస్తకం మూసి, "ఎవురికీ చెప్పద్దండి సార్" అంది.

అక్షరాలు రావు. పదో తరగతికి వచ్చింది, హిందీలో 'క' ఏదో తెలియదు. పక్కన కూర్చునే అమ్మాయి చదువుతుంటే విని మొత్తం కంఠతా పట్టేది. పరీక్షకు గైడులో జవాబులు చూసి, బొమ్మలు గీసినట్టు ఆకారాలు గుర్తుపెట్టుకుని గీసేది. అట్ల గీసే ప్రతి పరీక్షలో ఇరవై ఐదు తెచ్చుకుంది. ఆ పేపర్లు దిద్దింది నేనే. చేతిరాత చాలా బాగుందని ఒకసారి ఎర్రసిరాతో రాశాను కూడా. గీసిన బొమ్మకు బాగుంటుంది మరి.

"ఎందుకమ్మా రాలేదు?" అని అడిగాను, ఏమీ తెలియని పెద్దమనిషి లాగా.

"ఆరులో కరోనా సార్. ఏడులో, ఎనిమిదిలో మీరు వాకిట్లోకి వచ్చి, 'ఈ పొద్దు లెక్కలు చేసుకోండి' అని పోతాంటిరి. తొమ్మిదిలో మీరు పాఠం మొదులుపెడితిరి. అప్పటికి అందరికీ వచ్చనుకున్నా. నాకొక్కదానికే రాదని ఎట్ల చెప్పల్ల సార్? చర్చిలో నేను చదువుతా కదా."

ఆరో తరగతి కరోనా తిన్నది. ఏడూ ఎనిమిదీ లెక్కల సారు తిన్నాడు. వడ్డించింది నేను.

ఇంతకాలం ఆమె అడిగిన "ఇది నేర్చుకోని ఏం చేయల్ల?" అనే ప్రశ్నకు జవాబు వెతుకుతూ ఫ్యాక్టరీల వెంట తిరిగాను. అది ప్రశ్న కాదు. దాచుకోవడానికి కప్పుకున్న దుప్పటి. పిల్లలు "పనికిరాదు" అని గట్టిగా అన్నప్పుడు, "నాకు రాదు" అన్నది దాని కింద ఉందేమో ఒకసారి ఎత్తి చూడండి. అన్నిసార్లూ ఉండదు. కొన్నిసార్లు నిజంగానే సోమరితనం ఉంటుంది. కానీ చూడకుండా ఉపన్యాసం మొదలుపెడితే నా లాగా మనోజ్ దగ్గర టీ తాగి రావాల్సి వస్తుంది.

నాపరాయి పలక

"చూడు, ఇది నీకు జీవితంలో పనికొస్తుందని ఇంక చెప్పను. పనికిరాకపోవచ్చు. మార్చి తర్వాత వదిలెయ్. కానీ నీకు రాకపోవడంలో నా తప్పుంది. అది నేను సరిచేసుకోవల్ల. నువ్వు రోజూ పొద్దున అరగంట ముందు వస్తావా?" అన్నాను.

ఆలోచించింది. "నోటుబుక్కులో వద్దు సార్. ఎవరన్నా చూస్తే పదిలో అఆలు దిద్దతాండాదని నగుతారు."

మర్నాడు ఆమే ఉపాయం తెచ్చింది. ఫ్యాక్టరీలో అంచు విరిగి పారేసిన నాపరాయి ముక్క, నున్నగా, నల్లగా, పుస్తకమంత. సుద్దతో రాయడం, తడిగుడ్డతో తుడిచేయడం. సాక్ష్యం మిగలదు. ల్యాబు గదిలో మా ఇద్దరికీ మొదటి పాఠం అట్ల మొదలైంది. తలుపు బార్లా తెరిచి పెట్టి, స్కూలు ఆయమ్మను గది ఊడవమని లోపలే ఉంచేవాణ్ణి.

నాలుగో రోజు ఆమె ఉన్నట్టుండి సుద్ద కింద పెట్టింది.

"సార్, ఇవి మన క ఖ గ ఘలే కదా! అదే వరసలో ఉండాయి. ఆకారం ఒక్కటే వేరే."

"అవును."

"మరి ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదే!"

ముప్పై ఏళ్ళలో నేను ఆ మాట ఎన్ని క్లాసుల్లో చెప్పానో లెక్కేసుకున్నాను. ఆ లెక్క ఇక్కడ రాయను.

అక్షరాలకు రెండు వారాలు కూడా పట్టలేదు. ఎడమవైపు తెలుగు, కుడివైపు హిందీ రాసుకుని, లెక్కల్లో జతలు కలిపినట్టు కలిపేసింది. ఒత్తుల దగ్గర కొంచెం తిప్పలు పడింది. మొదటిసారి తనంతట తాను 'సడక్' అని కూడబలుక్కుని చదివి, అర్థం నేను చెప్పకముందే "రోడ్డు" అని అరిచింది. ఊడుస్తున్న ఆయమ్మ ఉలిక్కిపడి, "ఏమైందమ్మా, తేలు గాని కనపడిందా?" అంది.

ఒక నెల గడిచాక సలోమి ఇంకో అమ్మాయి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. ఎన్నేళ్ళుగా ఎవరి పక్కన కూర్చుని, ఎవరి చదువు విని కంఠతా పట్టిందో, ఆ అమ్మాయే. "సార్, ఈమెకూ రాదు. వాళ్ళ అక్క ఇంట్లో చెప్పిస్తే విని, ఈడొచ్చి నాకు చెప్తాండె."

ఎవరికీ చెప్పొద్దని నన్ను బతిమాలిన పిల్ల, తన గుట్టు తానే విప్పుకుని వచ్చింది. తర్వాత నేను ఒక్కొక్కరినీ విడిగా పిలిచి చదివించాను. ముప్పై ఎనిమిది మందిలో తొమ్మిది మందికి అక్షరాలు రావు. పొద్దున అరగంటలో ఇంతమందికి కుదరదు. నాకు నా పీరియడ్లు కావాల్సి వచ్చాయి, ఉద్యోగంలో చేరిన తర్వాత మొట్టమొదటిసారి.

హెడ్మాస్టరుతో ఒక ఉదయం

జనవరిలో హెడ్మాస్టరు స్టాఫ్ మీటింగు పెట్టి, "ఈ రెండు నెలలు హిందీ పీరియడ్లన్నీ లెక్కలకు" అన్నాడు. అనడం కూడా కాదు, చదివేశాడు. నన్ను అడగాలని ఆయనకు తోచలేదు. ఎందుకు తోచాల? ఎప్పుడూ అడగలేదు కదా.

"నేను ఇయ్యను సార్" అన్నాను.

ఆయన అద్దాలు తీసి చూశాడు. కుర్చీ మాట్లాడితే ఎట్ల చూస్తారో అట్ల. "ఏమప్పా, ఒంట్లో బాగలేదా?"

"తొమ్మిది మందికి అక్షరాలు రావు సార్."

"ఇరవై వస్తాయి కదా? అవి ఎట్లైనా వస్తాయిలే. లెక్కల్లో ఎవరన్నా పోతే నువ్వొచ్చి జవాబు చెప్తావా?"

"లెక్కల సంగతి నాకు తెలీదు సార్. ఈ తొమ్మిది మందికి జవాబు చెప్పల్సింది నేనే. ఏడులో, ఎనిమిదిలో వాళ్ళ పీరియడ్లు ఇచ్చేసింది నేను."

లెక్కల సారు నాకు పాతికేళ్ళ స్నేహితుడు. ఆయన తల వంచుకుని, "తీసుకున్నోణ్ణి నేనే సార్. సాయంత్రం ఒక గంట ఉండి చెప్పుకుంటాలే. వదిలేయండి" అన్నాడు. ఆ మాట ఆయన అనకపోతే నా ధైర్యం ఎంతసేపు నిలబడేదో నాకు తెలియదు.

పీరియడ్లు దక్కాయి. మర్నాటి నుంచి మధ్యాహ్న భోజనంలో కోడిగుడ్లు సరిచూసి, ఫోటోలు తీసి, ఫోన్లో ఎక్కించే బాధ్యత కూడా నాకే దక్కింది. మా హెడ్మాస్టరు కోపాన్ని మనసులో పెట్టుకునే మనిషి కాదు. ఆర్డరు కాపీలో పెట్టేవాడు.

క్లాసులో, "నాకే మతిమరుపు వస్తాంది, మొదటినుంచి చెప్పుకుందాం" అని అందరికీ అక్షరాలు మొదలుపెట్టాను. వచ్చినవాళ్ళు విసుక్కున్నారు. రానివాళ్ళు తలలు పైకెత్తారు.

ఏమైందంటే

తొమ్మిది మందీ పాసయ్యారు. సలోమికి హిందీలో అరవై రెండు. తక్కినవన్నీ తొంభై పైన. ట్రిపుల్ ఐటీ సీటు రాలేదు, కొద్దిలో పోయింది. ఆ కొరవ ఏ సబ్జెక్టుదో, ఆ సబ్జెక్టులో ఏ రెండేళ్ళదో నేను ఎవరినీ అడగక్కర్లేదు.

దావీదు ఇంటికి పోయాను. గడపలోనే నిలబడ్డాను. ఆయన అలవాటుగా కేకేసినట్టే, "రాండి సార్! పాప హిందీ చదువుతాండాది, మీ పుణ్యం!" అన్నాడు. ఆ వీధంతా విన్నది. నన్ను తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది. సలోమి ముందురోజంతా ఏడ్చినట్టుంది, కళ్ళు ఉబ్బి ఉన్నాయి. నాకు మజ్జిగ తెచ్చిచ్చి, "పాలిటెక్నిక్ కడపలో వస్తాది సార్. పోతా" అంది. క్షమించమని అడగాలనే పోయాను. అడిగాను. "మీరొక్కరేనా సార్, నేనూ దాచిపెట్టినా కదా" అంది. పదిహేనేళ్ళ పిల్ల నా తప్పులో సగం తన మీద వేసుకుంది. నేను మజ్జిగ తాగి వచ్చాను.

ఆ నెలలోనే రిటైరయ్యాను.

నాలుగు నెలల తర్వాత కడప నుంచి ఫోను చేసింది. హాస్టల్లో సాంబారు నీళ్ళ లాగా ఉందంట. బాగుండావా అంటే బాగుండానంది. హిందీ గుర్తుందా అన్నాను, సిగ్గులేకుండా.

"లేదు సార్. అంతా మర్చిపోతాండా" అని నవ్వింది. తర్వాత, "సార్, ఒకటి చెప్పల్లని చేసినా" అంది.

డ్రాయింగ్ క్లాసులో లెక్చరరు బోర్డు మీద ఏదో గీసి, ఇంగ్లీషులో గబగబా చెప్పి, అందరికీ అర్థమైందా అని అడిగాడంట. అరవై మందీ తలూపారంట. ఆమెకు మాత్రం మొదటి గీత నుంచే అర్థం కాలేదంట.

"నేను లేసి నిలబడినా సార్. నాకు రాలేదు సార్, మొదటినుంచి చెప్పండి అన్నా. అందరూ నన్నే చూస్తాండారు."

"ఆయనేమన్నాడు?"

"'అందరికీ అర్థమైంది, నీకొక్కదానికేనా? కూచో, పుస్తకంలో ఉండాది చూసుకో' అన్న్యాడు."

"మరి నువ్వు?"

"నేను కూచోలేదు సార్."